పైరుకొక కాలము, ఉత్తరువుకొక కాలము

మదరాసునుండి అరక్కోణము మీదుగా రేణిగుంటకు పోవు రైలుమార్గమున, తిరువళ్ళూరు దాటినది మొదలు తిరుత్తణి కొండ కనబడువఱకును పట్టాలకు ఇరుప్రక్కల గల భూములను పరికించువారికి, చెఱువుల క్రింద వరికయ్యలును, బోరుబావుల చుట్టును చెఱకుతోటలును, నీటివసతి లేని మెరకలందు వేరుసెనగచేలును, వాని నడుమ అచ్చటచ్చట మామిడితోపులును కానవచ్చును. చూపునకు ఇది ఎండకును వానకును మాత్రమే లోబడిన సీమవలె నుండును. కాని ఈ నాలుగు పంటలలో దేని వెలయు ప్రభుత్వపు చేయి సోకకుండ ఏర్పడుట లేదు. వడ్ల వెల ఢిల్లీలో ప్రకటింపబడి చెన్నపట్టణమున కొంత పెంపబడును. చెఱకు వెల ఒక శాసనము చొప్పున లెక్కింపబడును. వేరుసెనగ వెల, మలేషియా ఇండోనేషియాలనుండి వచ్చు పామాయిలు మీద మన ప్రభుత్వము వేయు సుంకమును బట్టి హెచ్చుచు తగ్గుచుండును. మామిడికాయ యైతే ఒక జిల్లా కలెక్టరు సంతకముతో ఎల్లదాటలేక నిలిచిపోవుటయు నిటీవలనే చూచితిమి.

వ్యవసాయమున ప్రభుత్వము కలుగజేసికొనవచ్చునా యను వాదము సభలలో ఇంకను సాగుచునే యున్నది. ఒక పక్షమువారు అంగడిని దాని దారిన విడువుమందురు. రెండవ పక్షమువారు రైతును అంగడివారి దయకు విడువరాదందురు. ఈ సీమలో నూటయేబది యేండ్లుగా జరిగినదానిని చూచినచో, ఇరుపక్షములవారును అంతగా పట్టించుకొనని ప్రశ్న యొకటి మిగిలిపోయినట్లు తోచును. వరి నాలుగైదు నెలల పైరు. చెఱకు సంవత్సరపు పైరు. మామిడి ఒక తరమువారు నాటి మఱియొక తరమువారు అనుభవించునది. ప్రభుత్వపు ఉత్తరువన్ననో, రాత్రి వెలువడి తెల్లవారునప్పటికి అమలులో నుండును. ఆ ఉత్తరువు నారు పోయకమునుపు వచ్చినదా, కోతకత్తి పట్టిన పిమ్మట వచ్చినదా యనుదానిమీదనే దాని మంచిచెడ్డలు చాలవఱకు ఆధారపడియున్నవని నా యభిప్రాయము.

కలుగజేసికొనకుండుటయు నొక విధానమే యని ఈ ప్రాంతమువారికి తెలియవచ్చినది 1876-78 నాటి మహాక్షామమున. ధాత సంవత్సరమున వచ్చుటచేత దానిని మనవారు ధాతకఱవనిరి. అప్పటి మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు రాబోవు విపత్తును పసికట్టి 30,000 టన్నుల బియ్యమును కొనిపించగా, వైస్రాయి లిట్టను ప్రభుత్వము అది ధాన్యవర్తకుల స్వేచ్ఛకు భంగకరమని తప్పుపట్టి, ఇకమీదట నట్టి కొనుగోళ్ళు కూడదని కట్టడి చేసెను. వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు, క్షామనివారణ పనులలోని మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును, పైన ఒక అణాయును చాలునని నిర్ణయించెను. రైళ్ళు ధాన్యమును తెచ్చుచునే యుండెను. దానిని కొనుటకు పల్లెజనుల చేత డబ్బు లేకపోయెను. లక్షలకొలది ప్రాణములు పోయిన పిమ్మట 1880లో క్షామసంఘము నివేదిక సమర్పించెను. దానినుండి క్షామనియమావళి పుట్టెను. చెన్నపట్టణమున కూవమును అడయారును కలుపుచు ఆ క్షామపు కూలివారు త్రవ్విన కాలువకు గవర్నరు పేరు నిలిచినది. ఆయన కొనిన బియ్యమువలన ఎందరు బ్రతికిరో గాని, కాలము మించకమునుపు కొనవలెనన్న ఆయన బుద్ధియే నేటి ఆహారనిలువల విధానమునకు మూలమని చెప్పవచ్చును.

తరువాతి అర్ధశతాబ్దమున ప్రశ్న తలక్రిందులయ్యెను. రంగూనునుండి ఓడలలో దిగు బర్మా బియ్యము మదరాసు పేదలకు అన్నము పెట్టెను. 1930 తరువాత ఆర్థికమాంద్యమున వడ్ల వెల పడిపోయినప్పుడు, ఆ బియ్యమే గోదావరి కృష్ణా తంజావూరు మండలముల రైతులకు శత్రువై కనబడెను. పట్టణపు కూలికి చౌకబియ్యము కావలెను. రైతునకు గిట్టుబాటు వెల కావలెను. రెండును ఒకే గింజనుండి రావలెను. వర్ధమాన దేశములన్నిటి ఆహారవిధానమున ఈ చిక్కుముడియే కేంద్రమై యున్నది. బర్మా అప్పటికి బ్రిటిషు ఇండియాలోని భాగమే గనుక దాని బియ్యముపై సుంకము వేయుటకు వీలు లేక, 1935లో విదేశపు నూకలమీద మాత్రము సుంకము విధించిరి. 1937లో బర్మా వేఱుపడెను. 1942లో రంగూను జపానువారి వశమయ్యెను. ఏ బియ్యము రాకూడదని రైతులు కోరిరో అది ఒక్క వేసవిలో పూర్తిగా నిలిచిపోగా, మఱుసటి సంవత్సరమునకే మదరాసు నగరమున రేషను కార్డులు పుట్టెను.

ఆ నియంత్రణలు యుద్ధము ముగిసిన పిమ్మటను చాల యేండ్లు కొనసాగెను. 1952 ఏప్రిలులో ముఖ్యమంత్రి పదవి స్వీకరించిన రాజాజీ, జూను మాసమున ఆహారధాన్యములపై నియంత్రణను ఎత్తివేసెను. కేంద్ర ఆహారమంత్రి రఫీ అహమ్మదు కిద్వాయి ఆయనకు అండగా నిలిచెను. దీనిని కొందఱు స్వేచ్ఛావ్యాపారపు విజయమని కొనియాడుదురు. నేను గమనింపగోరునది మఱియొకటి: అది జూను మాసము, తిరువళ్ళూరు ప్రాంతమున వానకాలపు సాంబావరికి నారు పోయుటకు ఇంకను వ్యవధి యున్నది. తన వడ్లను తాను కోరినచోట అమ్ముకొనవచ్చునని రైతు విత్తకమునుపే ఎఱిగెను. నియంత్రణ యెత్తివేసిన ఉత్తరువైనను, విధించిన ఉత్తరువైనను, ఇంత సమయోచితముగా వచ్చుట ఈ దేశమున అరుదు.

ఇచట తిరుత్తణి కథను కొంచెము సావకాశముగా చెప్పవలసియున్నది. కార్వేటినగరము జమీందారీలోని ఈ తాలూకా 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వెలసినప్పుడు జిల్లాతోపాటు అటు పోయెను. తమిళుల ఉత్తరసరిహద్దు కొఱకు మ.పొ. శివజ్ఞానము మొదలగువారు చేసిన ఆందోళనయు, పటాస్కరు మధ్యవర్తిత్వమును, 1959 నాటి సరిహద్దు మార్పుల చట్టమును జరిగిన పిమ్మట, 1960 ఏప్రిలు 1వ తేదీనుండి తాలూకాలో పెద్దపాలు మదరాసు రాష్ట్రమునకు వచ్చెను; దానికి బదులుగా సత్యవేడు మొదలగు గ్రామములు చెంగల్పట్టు జిల్లానుండి ఆంధ్రకు పోయెను. ఇంటిలో తెలుగు, సంతలో తమిళము మాటలాడు రైతు తన కయ్యగట్టు దిగకుండగనే ఏడేండ్లలోపల మదరాసువాడు, ఆంధ్రుడు, ఆంధ్రప్రదేశీయుడు, తిరిగి మదరాసువాడు అయ్యెను. భాషాభిమానులు ఈ రేఖను పటములమీద చూచిరి. రైతు దానిని మొదట గుర్తించినది బియ్యపుబస్తాను బండికెత్తినప్పుడే.

ఎట్లనగా, 1957లో ఆంధ్ర, మదరాసు, మైసూరు, కేరళములను కలిపి కేంద్రము దక్షిణ ఆహారమండలమును ఏర్పఱచియుండెను. ఆ మండలములో బియ్యము అడ్డులేక పోవచ్చును. 1964లో దానిని విడగొట్టి ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే ఒక మండలమనిరి. నాలుగేండ్ల క్రితము గీచిన పరిపాలనారేఖ అంతలో ధాన్యమునకు కోటగోడయయ్యెను. తిరుత్తణినుండి నగరికి పట్టుమని ఇరువది కిలోమీటర్లైనను లేదు. కుశస్థలి నీరు చిత్తూరు కొండలనుండి దిగి పూండి జలాశయమునకు వచ్చుటకు ఏ తనిఖీదారును అడ్డుపడడు. ఆ నీటితో పండిన వడ్లు మాత్రము పర్మిటు లేక ఎల్లదాటరాదు. ధాన్యము మిగులుగల ఆంధ్రలో వెల తగ్గెను, కొఱతగల కేరళమున వెల మండెను. నడుమనున్న మదరాసులో బియ్యపుకొఱత 1967 ఎన్నికలలో కాంగ్రెసు ఓటమికి ఒక ముఖ్యకారణమయ్యెను. రూపాయకు మూడు పడుల బియ్యమిత్తుమని చెప్పి గెలిచిన అన్నాదొరై ప్రభుత్వము, కొన్ని పట్టణములలో ఒక పడి మాత్రము ఈయగలిగెను. ఈ మండలముల పద్ధతి 1977లో రద్దగువఱకు రైతునకు తన పంటకు పొరుగూరిలో ఏమి వెల యున్నదో తెలిసియు అమ్ముకొన వీలులేని స్థితి యుండెను. ఒక విధముగా ఇది దేశములోపలి ఎగుమతినిషేధమే.

మండలములు పోయినవి గాని ఆ తలంపు పోలేదు. 2025 వేసవిలో తోతాపురి మామిడి, మనవారు బెంగుళూరకాయ యనునది, విపరీతముగ కాచి వెల పడిపోగా, చిత్తూరు జిల్లా యధికారులు ఇతర రాష్ట్రముల కాయ లోనికి రారాదని జూనులో ఉత్తరువిచ్చిరి. కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్ర ముఖ్యమంత్రికి అభ్యంతరము తెలుపుచు లేఖ వ్రాసెను. చిత్తూరు గుజ్జుకర్మాగారములను నమ్మి ఎల్లకు అవతల తోపులు పెంచినవారు చెట్లు నాటినప్పుడు అట్టి ఉత్తరువును ఊహించియుందురా?

బియ్యము నేడు ఎల్లదాటుచున్న తీరు చూచినచో నవ్వును దుఃఖమును కలసి వచ్చును. చెన్నపట్టణమునకు ఉత్తరమున రెడ్‌హిల్స్ వద్ద నున్న మిల్లులకు ఆంధ్రనుండి వడ్లు లారీలమీద వచ్చి, బియ్యమై నగరమునకు పోవుచున్నవి. ఇది సక్రమమైన వర్తకము. తమిళనాట బియ్యపుకార్డు గల ప్రతి కుటుంబమునకును 2011 జూను నుండి రేషను బియ్యము ఉచితముగా నిచ్చుచున్నారు. ఉచితముగా వచ్చిన దానిలో కొంత పాలు కిలోకు కొన్ని రూపాయల చొప్పున చేతులు మాఱి, రాత్రివేళ ఊత్తుకోట, ఆరంబాక్కము, నగరి మార్గములలో ఆంధ్రకు పోయి, అచట పాలిషుపట్టి సన్నబియ్యమను పేర తిరిగి అమ్ముడుపోవుచున్నదని పోలీసులు తఱచు పట్టుకొనుచున్న లారీలే చెప్పుచున్నవి. అచటి రేషను బియ్యము కాకినాడ రేవునుండి ఆఫ్రికా ఓడలెక్కుచున్నదని 2024 నవంబరులో పెద్ద గగ్గోలు లేచినది. ప్రభుత్వము గిట్టుబాటు వెలకు కొని, మిల్లుపట్టించి, ఉచితముగా పంచిన గింజ, ఇట్లు అంగడిలోనికే తిరిగివచ్చి కొత్త పంట వెలను క్రుంగదీయుచున్నది. ఉచిత బియ్యము తప్పని నేననుట లేదు. ధాతకఱవు చరిత్ర చదివినవారెవ్వరును అనజాలరు. అయితే వెలలో ఇంత అంతరమున్నచోట సరిహద్దు రేఖయే దొంగవర్తకునకు జీవనాధారమగుట తప్పదు.

ఇక దేశపు వెలుపలి వర్తకము. ప్రపంచమున ఎగుమతియగు బియ్యములో సుమారు 40 శాతము భారతదేశముదే. అట్టి దేశము 2007లో బాసుమతి కాని బియ్యపు ఎగుమతిని నిలిపివేసి 2011లో తెఱచెను. 2022 సెప్టెంబరులో నూకలను నిషేధించెను. 2023 జూలై 20వ తేదీన తెల్లబియ్యమును నిషేధించి, ఆగస్టులో ఉప్పుడుబియ్యముపై 20 శాతము సుంకము వేసెను. 2024 సెప్టెంబరులో తెల్లబియ్యమునకు తలుపు తెఱచెను. జూలైనాటి ఉత్తరువు వెలువడిన మఱునాటినుండి అమెరికాలోని భారతీయుల అంగళ్ళముందు మన తెలుగువారు సోనామసూరి సంచుల కొఱకు బారులు తీరిన చిత్రములు అందఱును చూచినవే. థాయి బియ్యపు వెల కొలది వారములలో పదునైదేండ్లలో ఎన్నడును లేనంతకు పెరిగెను. ఫిలిప్పీనులోను పశ్చిమాఫ్రికాలోను పేదలు దాని బరువు మోసిరి. తిరువళ్ళూరులోనో, ఆ తేదీనాటికి వేసవిలో నాటిన సొర్ణవారి వరి కోతకు వచ్చుచుండెను. ఏప్రిలులో నారు పోసినప్పుడు తెఱచియున్న విదేశపు బేరము, కోతనాటికి మూతపడెను.

వినియోగదారు కొఱకు రైతుమీద పన్ను వేయుట మనము కనిపెట్టినది కాదు. థాయిలాండు ప్రభుత్వము 1955 మొదలు 1986 వఱకు ఎగుమతి బియ్యముపై ప్రీమియమను పేర పన్ను వేసి, దేశములో బియ్యమును చౌకగా నుంచి, ఆ భారమును తన రైతులపై మోపెను. 1960-85 నడుమ 18 వర్ధమానదేశముల వ్యవసాయధరలను పరిశీలించిన క్రూగరు, షిఫ్, వాల్డెసు అను అర్థశాస్త్రజ్ఞులు, రైతుమీద కంటికి కనబడు పన్నుల కంటె, పరిశ్రమల రక్షణవలనను, నాణెపు మాఱకపువిలువను కృత్రిమముగా నిలుపుటవలనను పడు పరోక్షభారమే అధికమని తేల్చిరి. ఎఱువుల సబ్సిడీ, ఉచిత విద్యుత్తు మొదలగునవి ఒకచేత నిచ్చునవి. ఎగుమతి నిషేధము వేఱొకచేత తీసికొనునది. మణలిలోని మదరాసు ఎఱువుల కర్మాగారమునకు కూతవేటు దూరమున నున్న రైతు 45 కిలోల యూరియా బస్తాను 266 రూపాయల 50 పైసలకే కొనుచున్నాడు. ఆ వెల ఏండ్ల తరబడి కదలలేదు. అందువలన యూరియా మితిమీఱి పడుటయు, నేల చెడుటయు వేఱు కథ.

చెఱకు విషయము వీనన్నిటికంటె గడుసైనది. తిరువాలంగాడు నటరాజు ఊర్ధ్వతాండవమాడిన రత్నసభ గల క్షేత్రమని భక్తులెఱుగుదురు. రైతులకు మాత్రము అది తిరుత్తణి సహకార చక్కెర కర్మాగారమున్న ఊరు. మన దేశమున చక్కెర పరిశ్రమయే వర్తకవిధానపు బిడ్డ. జావాచక్కెర రేవులలో గుట్టలుగా దిగుచుండిన దినములలో, 1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణచట్టము విదేశపు చక్కెరకు గట్టి సుంకపుగోడ కట్టెను. అంతవఱకు సుమారు 30 మాత్రమే యుండిన చక్కెరమిల్లులు నాలుగైదేండ్లలో 130కి పైబడెను. వర్ధమానదేశములు పరిశ్రమలను సుంకముల నీడన పెంచవచ్చుననుటకు దీనికంటె చక్కని ఉదాహరణము దొరకదు. అయితే ఆ నీడ మిల్లుమీద పడినంత సూటిగా చెఱకుతోటమీద పడలేదు.

1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తరువు ప్రకారము ఒక్కొక్క మిల్లునకు కొన్ని గ్రామములు కేటాయింపబడును. ఆ గ్రామపు రైతు తన చెఱకును ఆ మిల్లునకే తోలవలెను. మిల్లు దానిని కొనవలెను. కటింగు ఆర్డరు వచ్చినప్పుడే నఱకవలెను. ముందు నఱికినచో ఎండి తూకము తగ్గును. ఆలస్యమైనచో తీపి తగ్గును. రెండింటను నష్టము రైతుదే. తోలిన 14 దినములలో డబ్బు చెల్లింపవలెననియు, లేనిచో 15 శాతము వడ్డీ కట్టవలెననియు అదే ఉత్తరువులో నున్నది. ఆ వడ్డీ అడిగి పుచ్చుకొన్న రైతును వెదకుట కష్టము. కనీస వెలను కేంద్రము నిర్ణయించును. 2009 నుండి దానిని న్యాయమైన, లాభదాయకమైన వెల యనుచున్నారు. అది చెఱకు బరువును మాత్రమే గాక రికవరీని, అనగా వంద కిలోల చెఱకునుండి ఎన్ని కిలోల చక్కెర వచ్చినదో దానిని, ఆధారముగా చేసికొనునది. 2024-25 సంవత్సరమునకు 10.25 శాతము రికవరీకి క్వింటాలు 340 రూపాయలు; 9.5 శాతమునకు తగ్గినచోట 315 రూపాయల 10 పైసలు. ఈ రికవరీ మిల్లు మొత్తమునకు సగటున కట్టబడునది. ఏ మిల్లునందైనను యంత్రము పాతబడి రసము పిండలేకపోయినను అంకె తగ్గును; ఆ తగ్గుదల శ్రద్ధగా పెంచిన తోట వెలలోనే కోతపడును. తమిళనాడు ప్రభుత్వము ఈ లోటు గుర్తించి ఆ యేటికి టన్నుకు 349 రూపాయలు చేర్చి, మొత్తము 3,500 రూపాయలు చేసెను. ఆ చేర్పును 2025 మార్చిలో బడ్జెటు వేళ ప్రకటించిరి. ఆ చెఱకు నాటినది అంతకు ఏడాది పూర్వము.

చక్కెర ఎగుమతి చరిత్ర ఇంకను చిత్రము. చక్కెర నిలువలు పేరుకొనిపోయిన 2018-19 ప్రాంతమున, మిల్లులు రైతులకు బాకీ తీర్పలేకపోగా, కేంద్రము చక్కెరకు కిలో 29 రూపాయలు, పిమ్మట 31 రూపాయలు కనీస అమ్మకపు వెల నిర్ణయించి, ఎగుమతులకు సాయమిచ్చెను. దానిపై బ్రెజిలు, ఆస్ట్రేలియా, గ్వాటిమాలాలు ప్రపంచ వాణిజ్యసంస్థలో ఫిర్యాదు చేయగా, 2021 డిసెంబరులో తీర్పు భారతమునకు ప్రతికూలముగా వచ్చెను. భారతము అప్పీలు చేసెను. అప్పీలు వినవలసిన మండలి, అమెరికా కొత్త సభ్యుల నియామకమునకు అడ్డుపడుటచే, 2019 చివరనుండి పనిచేయుట లేదు. కావున ఆ వ్యాజ్యము త్రిశంకుస్వర్గమున నున్నది. అంతలో ఇచట గాలి మాఱి, ఎగుమతికి సాయమిచ్చిన ప్రభుత్వమే 2022 జూను నుండి ఎగుమతికి పరిమితి విధించి, 2023-24లో దాదాపు మూసివేసి, 2025 జనవరిలో 10 లక్షల టన్నులకు అనుమతించెను. చెఱకు ఒకసారి నాటినచో కార్శితో కలసి రెండు మూడేండ్లు తోటలో నుండును. ఆ వ్యవధిలో విధానము ముమ్మాఱు మొగము త్రిప్పినది.

వేరుసెనగ కథను క్లుప్తముగా ముగింతును. ఒకప్పుడు మదరాసు రాజధానినుండి వేరుసెనగ ఫ్రాన్సులోని మార్సేలు రేవునకు ఓడలకెక్కెను. అట్టి వర్తకములలో దళారుల మోసములను అరికట్టుటకు 1933లో వాణిజ్యపంటల మార్కెట్ల చట్టము వచ్చెను. 1986లో నూనెగింజల సాంకేతికయజ్ఞము ఆరంభించి కొలది యేండ్లలో దేశము వంటనూనెలలో దాదాపు స్వయంపోషకమయ్యెను. 1994లో పామోలిను దిగుమతిని 65 శాతము సుంకముతో వదలిరి. మఱుసటియేడు అది 30కి, 1998 నాటికి 15కి దిగెను. నేడు మనము వాడు వంటనూనెలో సగమునకు పైగా విదేశములది. కృష్ణపట్నము రేవుచెంత శుద్ధికర్మాగారములు వరుసగా నిలిచియుండగా, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట మెరకలలోని రైతు వానదేవునితోపాటు సుంకాల నోటిఫికేషనునకును మ్రొక్కవలసి వచ్చినది. ముడి పామాయిలు మీద సుంకము 2018లో 44 శాతము. 2021లో సున్నకు దిగెను. 2024 సెప్టెంబరులో 20కి లేచి, 2025 మే చివర 10కి పడెను. పట్టణపు గృహిణికి పండుగవేళ నూనె చౌకగా దొరకవలెననుట న్యాయమే. విత్తనపుకాయల కొఱకు అప్పుచేసిన మెట్టరైతునకు, సుంకము హెచ్చుగనో తక్కువగనో ఉండుట కంటె, విత్తునప్పుడున్నది పెఱుకునప్పుడును ఉండుననెడి ధీమా ముఖ్యము.

జెనీవాలోని ప్రపంచ వాణిజ్యసంస్థ లెక్కలును తిరువళ్ళూరు కొనుగోలునిలయమువఱకు వచ్చుచున్నవి. 1995 నాటి వ్యవసాయ ఒడంబడిక ప్రకారము వర్ధమానదేశము ఒక పంటకు ఇచ్చు ధరసాయము ఆ పంట మొత్తము విలువలో 10 శాతము మించరాదు. ఆ సాయమును కొలుచు విదేశధర 1986-88 నాటిదే. ముప్పది నలువది యేండ్ల క్రింది వెలతో నేటి మద్దతుధరను పోల్చినచో ప్రతి రూపాయయు సాయమువలెనే కనబడును. 2018-19లో మన బియ్యపు లెక్క ఆ హద్దు దాటగా, 2013లో బాలీ సభలో పొందిన, హద్దు దాటినను వ్యాజ్యము వేయరాదను శాంతినిబంధనను ఆశ్రయించి భారతము బయటపడెను. ధనికదేశములు తమ రైతులకిచ్చు అపారధనమును వర్తకమునకు హానిలేని సాయమను ఆకుపచ్చ పెట్టెలో పెట్టి నిర్దోషులై కూర్చుండ, బీదదేశము తన ప్రజల ఆకలికై కొని నిలువచేసిన ధాన్యమునకు సంజాయిషీ చెప్పుకొనుట నాకు న్యాయముగా తోచదు. అయినను ఇంటిలోని కాలతప్పిదమునకు జెనీవాను నిందించి లాభము లేదు.

ఆ కాలతప్పిదమును వడ్ల విషయముననే చూడవచ్చును. తిరువళ్ళూరు జిల్లాలో వరికి మూడు కార్లు: ఏప్రిలు-మే నెలలలో నాటు సొర్ణవారి, వానకాలపు సాంబా, డిసెంబరు-జనవరిలో నాటు నవరై. ఢిల్లీ పంచాంగములో మాత్రము ఖరీఫు ఒక్కటియే. 2025-26 మద్దతుధర 2025 మే 28న వెలువడెను. సాధారణరకమునకు 2,369, మేలురకమునకు 2,389 రూపాయలు. తమిళనాడు ప్రభుత్వము 131, 156 చొప్పున చేర్చి 2,500, 2,545 చేసెను. అప్పటికి సొర్ణవారి నాట్లు ముగిసి కలుపుతీయుచుండిరి. కొత్త కొనుగోలు సంవత్సరము దేశమంతటను అక్టోబరు 1న మొదలగును. సొర్ణవారి ఆగస్టులోనే కళ్ళమునకు వచ్చును. కావేరిమండలపు కురువై రైతులకును ఇదే చిక్కుండుటచే, తమిళనాడు కోరగా కేంద్రము 2022 నుండి ఈ రాష్ట్రమునకు సెప్టెంబరు 1వ తేదీనే కొనుటకు అనుమతించినది. మంచిపనియే. అయినను 2025 ఆగస్టు 31న నిలయమునకు తోలిన వడ్లకు 2,405 లేదా 2,450. మఱునాడు తోలినవానికి క్వింటాలునకు 95 రూపాయలు అదనము, అనగా 40 కిలోల బస్తాకు 38 రూపాయలు. ఆ 38 రూపాయల కొఱకు రెండు మూడు వారములు ఆగుటకు కళ్ళము కావలెను, పైన కప్పు కావలెను, ఆగస్టు సాయంకాలపు జల్లులలో తేమ 17 శాతము మించకుండ ఆఱబెట్టుకొనవలెను. కోతయంత్రపు బాడుగ మాత్రము ఆ వారమే కట్టవలెను.